బీర్‌లో డెట్టాల్ వాసనొస్తోందా? కిట్‌ని తిట్టే ముందు నీళ్ళు చూడండి

టెక్సస్‌లో మా ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్ళు చాలామంది ఇప్పుడు ఇంట్లోనే బీర్ చేసుకుంటున్నారు. అందరూ కిట్‌తోనే (మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన పాకం, ఈస్ట్ కలిపి అమ్మే ప్యాక్) మొదలెడతారు, రెండు మూడు బ్యాచ్‌లు బాగానే వస్తాయి, నాలుగోది చెడుతుంది, అంతే, "కిట్ అంటే ఇంతే అన్నా, ఇక గింజల నుంచే చేయాలి" అని కెటిల్, మాష్ టన్ (మాష్ చేసే, అంటే మర పట్టిన గింజల్ని వేడినీళ్ళలో నానబెట్టే పాత్ర), మిల్లు అన్నీ కొనేస్తారు. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి "మళ్ళీ అదే వాసన అన్నా" అంటారు. అప్పుడు నేను అడిగేది ఒకటే, ఏ నీళ్ళు పోశావు? సగం మంది దగ్గర దీనికి జవాబుండదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నీళ్ళ తప్పుకి కిట్‌ని తిడుతున్నారు, ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా.

శానిటైజ్ చేయడం, వోర్ట్ (ఈస్ట్ వేయకముందు ఉండే తీపి మాల్ట్ రసం) చల్లారాకే ఈస్ట్ వేయడం లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నా. ఇదంతా అమెరికాలో చేసుకునేవాళ్ళ కోసం. ఇక్కడ 1978లో వచ్చిన చట్టంతో ఇంటి అవసరానికి బీర్ చేసుకోవచ్చు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అమ్మడానికి మాత్రం లేదు. మన ఊళ్ళో లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది, అక్కడ ట్రై చేయకండి.

ఎయిర్‌లాక్‌లో బుడగలు రావట్లేదు

బకెట్ మూత సరిగ్గా పట్టలేదు, గ్యాస్ ఎయిర్‌లాక్‌లోంచి (మూతకి పెట్టే నీళ్ళ గొట్టం) పోకుండా పక్కనుంచి పోతోంది. పదికి తొమ్మిదిసార్లు ఇదే. మూత మీద చెయ్యేసి మెల్లిగా నొక్కండి, ఎయిర్‌లాక్‌లో నీళ్ళు కదలకపోతే లీకున్నట్టే. హైడ్రోమీటర్ (ఇంకా ఎంత చక్కెర మిగిలిందో తేలి చూపించే గొట్టం) వేసి చూడండి, రీడింగ్ పడుతుంటే బుడగలతో మీకు పనిలేదు. చూడకుండా ఇంకో ప్యాకెట్ ఈస్ట్ పోయొద్దు.

1.020 దగ్గర ఆగిపోయింది, కిందకి దిగట్లేదు

ముందు చెప్పండి, దేంతో కొలిచారు? రిఫ్రాక్టోమీటర్‌తో (ఒక్క చుక్కలో వెలుతురు వంపుని బట్టి చక్కెర కొలిచేది) అయితే అది ఆగలేదు, మీ కొలత తప్పు. ఆల్కహాల్ తయారయ్యాక రిఫ్రాక్టోమీటర్ ఎక్కువ చూపిస్తుంది. 1.050 దగ్గర మొదలైన బీర్ 1.012కి దిగిపోయినా అందులో ఆరు, ఆరున్నర బ్రిక్స్ (రిఫ్రాక్టోమీటర్ మీదుండే చక్కెర కొలత) కనపడుతుంది, దాన్ని నేరుగా మార్చుకుంటే 1.025 చుట్టూ వస్తుంది. ఈస్ట్ వేసిన తర్వాత హైడ్రోమీటర్ వాడండి, లేదా ఆల్కహాల్ లెక్క సరిచేసే క్యాలిక్యులేటర్‌లో రెండు రీడింగులూ వేసి చూడండి.

హైడ్రోమీటర్‌లో కూడా 1.020 ఉంటే అప్పుడు కిట్‌కి ఒక దారి, గింజలకి ఒక దారి. కిట్‌లో అయితే పాత లిక్విడ్ ఎక్స్‌ట్రాక్టో, డబ్బా మూత కింద నెలల తరబడి వేడిలో పడున్న ఈస్టో అయ్యుంటుంది, ఎక్స్‌ట్రాక్ట్ డేట్ చూసి కొనండి, ఈస్ట్ విడిగా కొనుక్కోండి, ఐదారు డాలర్లే. గింజలతో అయితే మీ థర్మామీటర్ అబద్ధం చెబుతోంది. 66 అనుకుని 71, 72 డిగ్రీల (నేను చెప్పేవన్నీ సెల్సియసే) దగ్గర మాష్ చేస్తే ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువ తయారవుతాయి, అవి ఎన్ని రోజులాగినా దిగవు. గ్లాసు నిండా ఐసు వేసి కొంచెం నీళ్ళు పోసి, కలిపి, థర్మామీటర్ పెట్టండి, సున్నా చూపించాలి. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

మొదటి రోజు రీడింగ్ తక్కువొచ్చింది

కిట్ అయితే వదిలేయండి. రెండున్నర గాలన్ల చిక్కటి వోర్ట్ మీద రెండున్నర గాలన్ల చల్లనీళ్ళు పోస్తే చిక్కటిది కిందుంటుంది, పల్చటిది పైనుంటుంది, మీరు పైనుంచి తీసి కొలిచారు. ఎక్స్‌ట్రాక్ట్ మొత్తం వేసి, 5 గాలన్ల గీత దగ్గర ఆపితే కిట్ కాగితం మీదున్న నంబరే మీ నంబర్. గింజలతో తక్కువొస్తే మర చూసుకోండి. గింజ పగలకుండా అలాగే ఉందంటే లోపల పిండి బయటికి రాలేదు. షాపులో మర పట్టించుకుంటే రెండోసారి పట్టమని అడగండి.

పల్చగా, సైడర్‌లా పుల్లగా ఉంది

డబ్బా కిట్‌లో కేజీ పంచదార వేయమంటారు, దాని బదులు డ్రై మాల్ట్ (పొడిగా అమ్మే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్) వేయండి. ఇక రెండోది వేడి. గరాజ్‌లో పెట్టొద్దు, టెక్సస్ ఎండాకాలంలో అసలే వద్దు. దోసెల పిండికి చలికాలంలో లైటేసిన అవెన్‌లో పెట్టి వెచ్చదనం ఇస్తామే, ఏల్ ఈస్ట్‌కి దానికి సరిగ్గా ఎదురు కావాలి, 18 నుంచి 20 డిగ్రీలు, అదీ బకెట్ లోపల. ఈస్ట్ జోరుగా పనిచేసేటప్పుడు లోపల గది కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుంది. టబ్బులో నీళ్ళు పోసి బకెట్ అందులో పెట్టి, తడి టీషర్ట్ చుట్టి ఫ్యాన్ పెట్టండి, చాలు.

డెట్టాల్ వాసన, బ్యాండేజీ వాసన, హాస్పిటల్ వాసన

అసలు నేను రాద్దామనుకున్నది ఇదే. దీనివల్ల నేను మూడు బ్యాచ్‌లు, అంటే 15 గాలన్ల బీర్ సింకులో పారబోశాను.

నా మొదటి మూడు కిట్లకి షాపతను చెప్పాడని స్టోర్ బయట మెషిన్‌లో ఆర్‌ఓ నీళ్ళు పట్టుకొచ్చి పోశాను, చక్కగా వచ్చాయి. నాలుగో కిట్‌కి, మార్చి నెలలో, పంపు నీళ్ళు బకెట్‌లో పట్టి రాత్రంతా మూత తీసి ఉంచి వాడాను, క్లోరిన్ ఎగిరిపోతుందని ఎక్కడో విన్నా కాబట్టి. అదీ బాగా వచ్చింది. ఇక నీళ్ళ సంగతి తేలిపోయిందని మర్చిపోయాను. మే నెలలో మొదటిసారి గింజలతో చేశాను, అదే పద్ధతి, ఎనిమిది గాలన్ల పంపు నీళ్ళు, రాత్రంతా తెరిచిపెట్టి. నెల తర్వాత సీసా తీసి గ్లాసులో పోస్తే నురగ బాగుంది, రంగు బాగుంది, మూతి దగ్గర పెట్టుకోగానే దెబ్బ తగిలినప్పుడు వేసే పట్టీ విప్పితే వచ్చే వాసన. మా బావమరిది ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసి "బావా, ఇది ఆసుపత్రి" అన్నాడు.

అప్పుడు నేను చేసిన పనే ఇప్పుడు అందరూ చేస్తున్నారు. గింజలతో చేయడం నాకు రాలేదనుకున్నా. పొట్టు మీద మరీ వేడినీళ్ళు పోశానేమో అని ఒకసారి, ఇన్‌ఫెక్షన్ అయ్యిందేమో అని ఇంకోసారి, బకెట్ మార్చా, ట్యూబులు మార్చా, ఈస్ట్ కంపెనీ మార్చా. రెండో బ్యాచ్ కూడా అదే వాసన. విసిగిపోయి జూలైలో మళ్ళీ కిట్ తెచ్చి పంపు నీళ్ళతోనే చేశా, దానికీ అదే వాసన. అప్పుడు వెలిగింది, కిట్‌కీ గింజలకీ రెండిటికీ ఒకే వాసన వస్తోందంటే రెండిట్లో ఒకేలా ఉన్నదాన్నే అనుమానించాలి కదా అని.

కారణం ఇది. పంపు నీళ్ళలో సూక్ష్మజీవుల్ని చంపడానికి కొన్ని చోట్ల క్లోరిన్ వేస్తారు, కొన్ని చోట్ల క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి క్లోరమిన్‌గా ఉంచుతారు. క్లోరిన్ తెరిచిపెడితే పోతుంది, మరిగిస్తే పోతుంది. క్లోరమిన్ పోదు, రాత్రంతా కాదు రెండు రోజులు పెట్టినా చాలావరకు అలాగే ఉంటుంది, మరిగించినా అంత తొందరగా పోదు. మా ఉత్తర టెక్సస్‌లో ఈ ఊళ్ళన్నిటికీ వచ్చే నీళ్ళలో ఏడాదంతా క్లోరమిన్ ఉంటుంది, కానీ ఏటా మార్చి ప్రాంతంలో దాదాపు నాలుగు వారాలు పైపుల శుభ్రత కోసం అమ్మోనియా ఆపేసి ఉత్త క్లోరిన్‌తో పంపిస్తారు. మార్చిలో నా చిట్కా పనిచేసింది అందుకు. మేలో అదే చిట్కా చేయిచ్చింది అందుకు. ఇంత మోసకారి కారణాన్ని నేను ఇంకోటి చూడలేదు, ఎందుకంటే మీరు ఏదీ మార్చకుండానే మీ నీళ్ళు మారిపోతాయి.

ఆ మిగిలిన క్లోరిన్, మాల్ట్‌లోనూ ఈస్ట్‌లోనూ ఉండే ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ తయారవుతాయి. వంద కోట్ల వంతుల్లో కొద్ది వంతులున్నా మన ముక్కు పట్టేస్తుంది. గింజలతో చేసేటప్పుడు మాష్‌లోనే, అంటే మరిగించకముందే ఇది మొదలైపోతుంది కాబట్టి తర్వాత గంట మరిగించినా లాభం లేదు. కిట్‌లో ఇంకా సులువు, ఎందుకంటే చివర్లో పోసే రెండున్నర గాలన్ల నీళ్ళని అసలు మరిగించరు.

ఇది అవునో కాదో తేల్చుకోవడం ఎలా అంటే, అన్ని సీసాల్లోనూ ఒకే వాసన, మొదటి రోజు నుంచీ ఉంది, వారాలు గడిచినా పెరగదు తగ్గదు, ఇలా ఉంటే నీళ్ళే. సీసా సీసాకి తేడాగా ఉండి, రోజురోజుకీ పెరుగుతూ, తెరిస్తే పొంగి బయటికొస్తుంటే అది అడవి ఈస్ట్. గోధుమ బీర్ కిట్‌లో లవంగం వాసనొస్తే అది ఆ ఈస్ట్ గుణం, బీర్ బాగానే ఉంది, పారబోయకండి. ఇంకోటి, బ్లీచ్‌తో బకెట్ కడిగారా? అయితే నీళ్ళు మంచివైనా ఇదే వాసనొస్తుంది. బ్లీచ్ పక్కన పెట్టేసి కడగక్కర్లేని శానిటైజర్ వాడండి.

పరిష్కారం చాలా చవక. క్యాంప్డెన్ ట్యాబ్లెట్లని బ్రూయింగ్ షాపులో, వైన్ చేసుకునేవాళ్ళ సామాన్ల దగ్గర దొరుకుతాయి, పొటాషియం మెటాబైసల్ఫైట్ బిళ్ళలు. ఒక బిళ్ళ 20 గాలన్లకి సరిపోతుంది, కాబట్టి 5 గాలన్ల బ్యాచ్‌కి వాడే ఏడెనిమిది గాలన్లకి సగం బిళ్ళ చాలు. చెంచా వెనకతో నలిపి, మెత్తగా పొడి చేసి, చల్లటి నీళ్ళలోనే వేసి గరిటెతో బాగా తిప్పండి, కొద్ది నిమిషాల్లో క్లోరిన్, క్లోరమిన్ రెండూ పోతాయి. మాష్ నీళ్ళు, స్పార్జ్ నీళ్ళు (మాష్ అయ్యాక గింజల మీద పోసి కడిగేవి), కిట్‌లో చివర పోసేవి, మొత్తం అన్నిటికీ వేయాలి. ఒకతను మాష్ నీళ్ళకి వేసి స్పార్జ్ నీళ్ళకి మర్చిపోయాడు, మళ్ళీ అదే వాసన, మళ్ళీ ఫోన్.

నమ్మకం కుదరకపోతే రెండు గ్లాసుల్లో పంపు నీళ్ళు పట్టండి, ఒకదాంట్లో గోటి మీద నిలిచేంత పొడి వేసి కలపండి, ఐదు నిమిషాలాగి చేపల తొట్టి షాపులో దొరికే టెస్ట్ స్ట్రిప్ రెండిట్లోనూ ముంచండి. స్ట్రిప్ కొనేటప్పుడు టోటల్ క్లోరిన్ చూపించేదే కొనండి, ఫ్రీ క్లోరిన్ ఒక్కటే చూపించేది క్లోరమిన్‌ని సరిగ్గా పట్టదు, సున్నా అని చూసి మోసపోతారు. పొడి వేయని గ్లాసులో స్ట్రిప్ రంగెక్కుతుంది, వేసినదాంట్లో తెల్లగా ఉండిపోతుంది. నేను అది కళ్ళారా చూసిన రోజు ఆ రెండు స్ట్రిప్‌లనీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి దాచుకున్నా.

ఆర్‌ఓ నీళ్ళు వాడొచ్చా అంటే, కిట్‌కి నిశ్చింతగా వాడండి, కావాల్సిన ఖనిజాలు ఎక్స్‌ట్రాక్ట్‌లో ముందే ఉన్నాయి. గింజలకి మాత్రం ఉత్త ఆర్‌ఓ పోస్తే కాల్షియం ఉండదు, మాష్ పీహెచ్ 5.2, 5.6 మధ్యకి రావడం కష్టం, కొంచెం జిప్సం, కాల్షియం క్లోరైడ్ కలుపుకోవాలి. కిట్ నుంచి గింజలకి వెళ్ళేటప్పుడు నిజంగా మారేది ఇదే, కిట్‌లో నీళ్ళు శుభ్రంగా ఉంటే చాలు, గింజల దగ్గర నీళ్ళలో ఏముందో కూడా తెలియాలి. ఫ్రిజ్ ఫిల్టర్‌ని నేను నమ్మను, నీళ్ళు అంత వేగంగా పోతుంటే క్లోరమిన్ పూర్తిగా ఆగదు.

ఇప్పటికే వాసనొచ్చిన బ్యాచ్‌ని ఏం చేయాలని అడుగుతారు. పారబోయండి. ఆరు నెలలు దాచినా పోదు, నేను దాచి చూశా. ఇంకో కిట్‌తో కలిపితే ఆ కిట్ కూడా పోతుంది.

గ్యాస్ లేదు, లేదా మరీ ఎక్కువుంది

లేకపోతే చల్లటి గదిలో పెట్టారు, 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచి మళ్ళీ చూడండి. కొన్నిట్లో ఉండి కొన్నిట్లో లేకపోతే చక్కెర సమానంగా కలవలేదు, 5 గాలన్లకి 115 నుంచి 130 గ్రాముల కార్న్ షుగర్ కొంచెం నీళ్ళలో మరిగించి, ముందు బాటిలింగ్ బకెట్‌లో పోసి, దాని మీదకి బీర్ దించండి. అన్నీ పొంగుతుంటే ఫర్మెంటేషన్ అవ్వకముందే సీసాల్లో పోశారు. ఇది ప్రమాదం, సీసాలు పగిలి మొహానికి తగులుతాయి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, బాగా చల్లబడ్డాక కళ్ళద్దాలు, గ్లవుజులు వేసుకుని మూతలు తీయండి, పిల్లల్ని అటు రానివ్వకండి. ఇకనుంచి మూడు రోజుల తేడాతో రెండు రీడింగులు ఒకటే వస్తేనే సీసాల్లో పోయండి.

వెన్న వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన, ఎండలో పెట్టిన సీసాకి వచ్చే స్కంక్ వాసన, ఇవన్నీ ఉన్నాయి కానీ అరుదు. వెన్నకి ఇంకో మూడు రోజులు వెచ్చగా ఉంచండి, మొక్కజొన్నకి మూత తీసి బాగా మరిగించండి, స్కంక్‌కి సీసాలు చీకట్లో పెట్టండి.

నాకు ఫోన్ చేసేటప్పుడు ఏ నీళ్ళు, బకెట్ లోపల ఎన్ని డిగ్రీలు, ఎక్స్‌ట్రాక్ట్ డేటు, దేంతో కొలిచారు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని చేయండి.