గెనా వేరు, గెన్నా వేరు: ఇథియోపిక్ అక్షరం మీద రెండు చుక్కలు పెట్టడం ఎలా?

విశాఖ మద్దిలపాలెంలో మాది డీటీపీ షాపు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివే ఇథియోపియా వాళ్లు కూడా థీసిస్‌లు పట్టుకుని వస్తుంటారు. ఒకాయన అమ్హారిక్ (వాళ్ల దేశపు భాష, ఇథియోపిక్ లిపిలో రాస్తారు) మాటల పట్టిక తెచ్చి, కొన్ని అక్షరాల నెత్తిన రెండేసి చుక్కలు పెట్టమన్నాడు. చుక్కలే కదా అని ఒప్పేసుకున్నా. రెండు రాత్రులు నిద్ర లేదు.

ముందు ఆ చుక్కల సంగతి. మనకి గుడి, గుడ్డి పక్కపక్కన పెడితే వత్తు చూసి తేడా చెప్పేస్తాం. ఇథియోపిక్ లిపిలో అలాంటి వత్తు లేదు. అమ్హారిక్‌లో గెనా అంటే 'ఇంకా', గెన్నా అంటే క్రిస్మస్ పండగ. రాస్తే రెండూ ఒకటే. అలె అంటే 'అన్నాడు', అల్లె అంటే 'ఉన్నాడు'. అదీ అంతే. పేపరు చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి సరిగ్గానే పలుకుతారు. నిఘంటువులో ఒంటరి మాటకి సందర్భం ఎక్కడిది? అందుకే ఒత్తి పలకాల్సిన అక్షరం మీద ఈ చుక్కలు. మామూలు ఉత్తరాల్లో పెట్టకండి, ఎవరూ పెట్టరు.

నేను చేసిన తప్పు ఏంటంటే, జర్మన్ అక్షరాల మీద వాడే చుక్కలు తెచ్చి అతికించాను. నా స్క్రీన్ మీద బాగానే ఉన్నాయి. ఆయన ల్యాప్‌టాప్‌లో ఫాంట్ మారేసరికి చుక్కలు పక్కకి జారిపోయాయి, వెతికితే మాటలు దొరకలేదు. కంటికి ఒకేలా ఉన్నా యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టికలో, ఆ చుక్కల నంబరు 776, ఇథియోపిక్ చుక్కలది 4959. ఇథియోపిక్ అక్షరాలు యూనికోడ్‌లోకి 1999లోనే వచ్చాయి గానీ ఈ గుర్తు 2005లో చేరింది.

వర్డ్‌లో గెన్నా కొట్టాలంటే ముందు 'గె', తర్వాత 'నా' కొట్టండి. స్పేస్ ఇవ్వకుండా కీబోర్డు ఇంగ్లీషులోకి మార్చి 1, 3, 5, ఎఫ్ (4959నే పదహార్ల లెక్కలో, అంటే హెక్సాడెసిమల్‌లో, ఇలా రాస్తారు) కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. కొట్టిన నాలుగూ మాయమై 'నా' మీద చుక్కలు కూర్చుంటాయి. అక్షరం ముందు, చుక్కలు తర్వాత. 'నా' కంటే ముందే కొట్టారా, అవి 'గె' నెత్తికెక్కుతాయి. వెబ్ పేజీలో అయితే అక్షరం వెంటనే యాంపర్‌శాండ్, హ్యాష్, 4959, సెమికోలన్.

విండోస్‌లో అక్షరాలన్నీ చూపించే క్యారెక్టర్ మ్యాప్‌లో వెతికేవాళ్లకి ఒక మాట. పక్కనే 4957, 4958 ఉంటాయి. 2010లో వచ్చినవి. 4958 దీర్ఘానికి, 4957 దీర్ఘం, ఒత్తు రెండింటికీ. అమ్హారిక్‌కి వాటితో పని లేదు.

ఫాంట్‌గా నేను అబిసినికా ఎస్‌ఐఎల్ వాడుతున్నా. ఉచితం, ఎత్తు అక్షరం మీదా పొట్టి అక్షరం మీదా చుక్కలు సరిగ్గా కూర్చుంటాయి.

అనుమానంగా ఉంటే చుక్కల వెనక కర్సర్ పెట్టి మళ్లీ ఆల్ట్, ఎక్స్ నొక్కండి. 135ఎఫ్ అని వస్తే సరే. 0308 (అదే 776) అని వస్తే నాలాగే తప్పు చుక్కలు పెట్టారన్నమాట. నేను పట్టికంతా ఒక్కో మాటా ఇలాగే చూసి దిద్దాను. పీడీఎఫ్ తీసి ఇస్తే ఆయన మొదట గెన్నా ఎక్కడుందో వెతికాడు. ఈసారి దొరికింది.