సూర్యుడు లేని లోకానికి కాలమానం కట్టడం ఎలా?

భూగర్భంలో నివసించే జాతిని కల్పించే రచయితలు వారి నగరాల కోసం, ఆయుధాల కోసం, దేవతల కోసం ఎంతో శ్రమిస్తారు గాని, కాలం దగ్గరికి వచ్చేసరికి మన గడియారాన్నే తీసుకెళ్లి వారి గోడకు తగిలిస్తారు. తరతరాలుగా సూర్యుణ్ణి చూడని పాత్ర “రేపు ఉదయం కలుద్దాం” అన్నదంటే పాఠకుడికి ఆ గుహ మీద నమ్మకం సడలుతుంది. ఈ విషయంలో భాగవతం పంచమ స్కంధం చూపిన శ్రద్ధ గమనించదగినది. అతలం మొదలు పాతాళం వరకు గల అధోలోకాలలో పగలు, రాత్రి అనే కాలవిభాగాల వల్ల కలిగే భయం లేదనీ, మహాసర్పాల శిరోమణులే అక్కడి చీకటిని పోగొడతాయనీ అది వర్ణిస్తుంది. వెలుగు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్ననూ, కాలం ఎలా తోస్తుందన్న ప్రశ్ననూ ఒకేచోట ఆలోచించడం అక్కడ కనిపిస్తుంది. మన కల్పనకూ అదే సరైన మొదలు.

కాలం తోచడం వేరు, కాలాన్ని కొలవడం వేరు. ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త మిషెల్ సిఫ్ర్ 1962 జులైలో ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలోకి గడియారం లేకుండా దిగి, సుమారు రెండు నెలలు ఒంటరిగా గడిపాడు. సెప్టెంబరు 14న ప్రయోగం ముగిసేనాటికి ఆయన లెక్క ప్రకారం అది ఇంకా ఆగస్టు 20 మాత్రమే. సెకనుకు ఒకటి చొప్పున 120 వరకు లెక్కపెట్టమంటే ఆయనకు దాదాపు ఐదు నిమిషాలు పట్టింది. అయినా ఆయన నిద్ర, మెలకువల చక్రం మాత్రం 24 గంటలకు కొద్దిగా మించి, చాలావరకు నిలకడగానే సాగింది. అంటే శరీరం లెక్క తప్పలేదు, మనసే తప్పింది. మీ జాతి మనుషులే అయితే ఈ వైరుధ్యాన్ని వదులుకోకండి: ఒంటరిగా తప్పిపోయిన పాత్ర తాను పది నిద్రలు గడిపానని ప్రమాణం చేసి చెప్పవచ్చు, ఊరి లెక్కలో అవి పదిహేను కావచ్చు. మనుషులు కాకపోతే మీకు మరింత స్వేచ్ఛ ఉంది. సోమాలియా భూగర్భ జలాలలో జీవించే ఒక గుడ్డి చేప లోపలి గడియారం వెలుగుకు స్పందించదు. ఆహారం దొరికే వేళను బట్టి సర్దుకుంటుంది, దాని సహజ చక్రం సుమారు 47 గంటలు. అటువంటి జాతికి భోజనమే సూర్యోదయం.

తరువాత, ఆ గుహలో నిజంగా ఏది మళ్లీ మళ్లీ జరుగుతుందో వెతకండి. ముఖద్వారానికి దగ్గరగా ఉన్నవారికి గబ్బిలాల రాకపోకలు పైలోకపు సాయంత్రాన్ని తెలియజేస్తాయి. పెద్ద గుహలు బయటి వాయుపీడనం తగ్గినప్పుడు గాలిని వదులుతాయి, పెరిగినప్పుడు లోపలికి పీల్చుకుంటాయి. కాబట్టి పైన తుఫాను వస్తున్న సంగతి లోతున ఉన్నవారికి గాలి దిశలో తెలుస్తుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలలో పాతాళగంగ అనే ధార ఉంది. అటువంటి నీటి ఒడ్డున స్థిరపడిన జాతికి పైన కురిసిన వాన ఆలస్యంగా నీటి మట్టంలో కనబడుతుంది, ఆ పొంగే వారి సంవత్సరాది అవుతుంది. గనులు తవ్వే జాతి అయితే ఇంత వెతుకులాట అక్కరలేదు, సింగరేణి కార్మిక కుటుంబాలలో లాగా షిఫ్టే వారి దినచర్యను నిర్ణయిస్తుంది.

చిన్న కొలతకు మన గడియ పాత్రను మించిన నమూనా నాకు కనిపించలేదు. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీటిమీద ఉంచితే అది మెల్లగా నిండి, ఒక గడియకు, అంటే 24 నిమిషాలకు మునుగుతుంది. అటువంటి 60 గడియలు ఒక అహోరాత్రం. దీనికి సూర్యుడితో పని లేదు. పైగా నీటి ఉష్ణోగ్రత మారితే ప్రవాహ వేగం మారుతుంది గనుక, ఏడాది పొడవునా ఒకే వేడి ఉండే లోతైన గుహలో ఇది నేలమీద కంటే నిలకడగా పనిచేయాలి. అయితే సున్నపురాతి గుహల నీటిలో కరిగిన సున్నం పేరుకుని రంధ్రాన్ని క్రమంగా పూడుస్తుంది, గిన్నె మునగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ సున్నాన్ని పులుపుతో కడిగి, రంధ్రాన్ని పాత కొలసూదితో సరిచూసే బాధ్యత ఒక వంశానికి అప్పగించండి. శ్రద్ధ తగ్గిన తరంలో గడియ సాగిపోతుంది, కూలివారు అదే కూలికి ఎక్కువసేపు పనిచేయవలసి వస్తుంది, పొరుగు గుహతో కుదుర్చుకున్న వేళలు కలవవు. కథకు కావలసిన తగాదా కొలత పరికరంలోనే పుడుతుంది. అందుకే ఎవరి గిన్నె ప్రమాణమో, దాన్ని ఎవరు కాపలా కాస్తారో ముందే నిర్ణయించుకోవాలి.

తరాల లెక్కకు, సున్నపు నీటి బొట్లు పడి పేరుకుని గుహలలో ఏర్పడే స్ఫటికస్తంభాలు ఉపయోగపడతాయి గాని, వాటిని అతిగా నమ్మకూడదు. అవి ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరగడం కూడా సాధారణమే, అదీ నీటి బొట్టు పడే తీరును బట్టి మారుతుంది. ఆ వేగంతో వందేళ్లకు పెరిగేది ఒక సెంటీమీటరు. అందువల్ల అది వయసు చెప్పడానికి కాక, రాజవంశాల గుర్తులు చెక్కడానికి తగినది.

ఇదంతా కుదిరాక రాతప్రతిని మళ్లీ చదివి, పొద్దు, మాపు, తెల్లవారడం వంటి మాటలన్నిటినీ తీసివేయండి. వాటి స్థానంలో “రెండు నిద్రల కిందట”, “మూడు గిన్నెలు మునిగేలోగా”, “పోయిన పొంగుకు” వంటి ప్రయోగాలు పెట్టండి. వాటికి వివరణ ఇవ్వకండి, మొదటిసారి వాడేచోట పక్కనే గిన్నె మునగడాన్నో, నీరు మెట్టెక్కడాన్నో చూపిస్తే సరిపోతుంది. పైలోకపు వర్తకుడు ఎవరైనా కథలోకి వస్తే మాత్రం అతని రోజుకు వారి లెక్కలో ఎన్ని గిన్నెలో ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ఆ లెక్క రెండో అధ్యాయంలో ఒకలా, ఇరవయ్యో అధ్యాయంలో మరోలా ఉంటే పాఠకులు వెంటనే పట్టుకుంటారు.