పప్పెట్ ఏజెంట్ మొరాయిస్తే ముందు తేదీ చూడండి

సమస్య: వేసవి సెలవులయ్యాక లినక్స్ ల్యాబ్ తెరిచారు. 40 సిస్టమ్స్‌లో ఓ ముప్పై బాగానే ఉన్నాయి. మిగతావాటిలో పప్పెట్ ఏజెంట్ (సర్వర్ నుంచి సెట్టింగులు తెచ్చి సిస్టమ్‌లో పెట్టే ప్రోగ్రామ్) రన్ చేస్తే ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అని ఆగిపోతోంది. సర్వర్‌లో మార్చిన సెట్టింగులేవీ వాటికి చేరడం లేదు.

ఒంగోలు, కావలి చుట్టుపక్కల నుంచి జూన్‌లో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇవే. ఫోన్ చేసేసరికే ఏజెంట్ కీ, సర్టిఫికెట్ (సర్వర్‌కు చూపే డిజిటల్ గుర్తింపు కార్డు) ఉండే ఎస్ఎస్ఎల్ ఫోల్డర్ చెరిపేసి, కొత్త సర్టిఫికెట్ అడిగి ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. సర్వర్ దగ్గర అదే పేరుతో పాత సర్టిఫికెట్ ఉంటుంది, కొత్త కీ దానితో కలవదు. ఒక చిక్కు కాస్తా రెండవుతుంది.

ముందు ఆ సిస్టమ్‌లో డేట్ కమాండ్ కొట్టండి. గంటలు, నిమిషాలు సరిపోయాయని వదిలేయకుండా సంవత్సరం కూడా చూడండి.

కారణం: సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. సిస్టమ్ గడియారం వెనక్కి పోతే, దాని లెక్కలో ఆ మొదలు తేదీ ఇంకా రాలేదు. ఎర్రర్ లైన్ చివరిదాకా చదివితే ‘నాట్ యెట్ వ్యాలిడ్’ అని అక్కడే రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల జాబితా తెచ్చే ఏపీటీ అప్‌డేట్ కమాండ్ కూడా రిలీజ్ ఫైల్ గురించి ఇదే మాట అంటుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

గడియారం ఎందుకు తప్పింది? కరెంటు ఉన్నంతసేపు మదర్‌బోర్డు గడియారానికి స్టాండ్‌బై పవర్ అందుతుంది. సెలవులకు మెయిన్ ఆపేశాక భారమంతా బోర్డు మీది బొత్తం సెల్‌దే. నాలుగైదేళ్ల పాత సెల్ అయితే రోహిణి కార్తె దాటేసరికి అయిపోవచ్చు.

టైం సర్వర్‌ను అడిగి గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్ క్రోనీ. ‘క్రోనీ ఉందిగా, టైం అదే సర్దుకుంటుంది’ అంటారు. కావలి దగ్గర ఒక కాలేజీలో నేనూ అదే ధీమాతో రెండు రోజులు పోగొట్టుకున్నాను. అక్కడ క్రోనీ సెట్టింగును పంపేదే పప్పెట్. సెలవుల్లో టైం సర్వర్ అడ్రస్ మార్చి పాతది తీసేశారు. ఆపి ఉన్న సిస్టమ్స్‌కు కొత్త అడ్రస్ చేరలేదు. బయటి నుంచి టైం తెచ్చుకుందామంటే ఫైర్‌వాల్‌లో టైం సర్వర్లు వాడే యూడీపీ 123 పోర్ట్ మూసేసి ఉంది. టైం తప్పింది కాబట్టి పప్పెట్ రాదు, పప్పెట్ రాలేదు కాబట్టి టైం సర్దుకోదు.

పరిష్కారం: మామూలు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీలకు తేదీతో పని లేదు. అందుకే ఎస్ఎస్‌హెచ్ మీదుగా చాలా సిస్టమ్స్‌కు ఒకేసారి కమాండ్లు పంపే అన్సిబుల్‌తోనో, నేరుగా ఎస్ఎస్‌హెచ్‌తోనో లోపలికి వెళ్లి తేదీ సరిచేయండి. దాన్ని హార్డ్‌వేర్ క్లాక్ (మదర్‌బోర్డు గడియారం)లోకీ రాయించి, ఏజెంట్ రన్ చేయండి. సర్టిఫికెట్ ముట్టుకోకుండానే పని అయిపోతుంది.

తర్వాత పప్పెట్ సర్వర్‌నే ల్యాబ్‌కు టైం సర్వర్‌గా పెట్టండి. క్రోనీ ఫైల్‌లో ‘మేక్‌స్టెప్ 1 3’ లైన్ ఉండాలి. తేడా ఒక సెకను దాటితే మొదటి మూడు అప్‌డేట్లలో టైంను ఒక్కసారిగా సరిచేసేది అదే. ఈ ఫైల్‌ను పప్పెట్‌కే వదిలేయకుండా, ఇన్‌స్టాల్ ఇమేజ్‌లోనే పెట్టేయండి.

తేదీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే హోస్ట్‌నేమ్ మారిందేమో, పప్పెట్ వాడే 8140 పోర్ట్ మూసి ఉందేమో, డిస్క్ క్లోన్ చేసినప్పుడు రెండు సిస్టమ్స్‌కు ఒకే పేరు పడిందేమో చూడండి. అరుదుగానే తగులుతాయి.

సెల్ కూడా మార్చాలి. ఎక్కువ బోర్డుల్లో సీఆర్2032 ఉంటుంది, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. మార్చాక పవర్ కేబుల్ పీకి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున తేదీని బయోస్ (లినక్స్ మొదలవకముందు తెరిచే సెటప్ స్క్రీన్)లో చూడండి. లినక్స్‌లోకి వెళ్లి చూస్తే అప్పటికే క్రోనీ సరిచేసి ఉంటుంది, సెల్ సంగతి తెలియదు.