పాత స్పోర్ట్స్ కారులో వాషర్ నీళ్లు రావడం లేదా? పంపు కొనే ముందు ఇవి చూడండి

బటన్ నొక్కినా అద్దం మీద నీళ్లు పడకపోతే చాలామంది వెంటనే కొత్త పంపు కొనేస్తారు. నేను బాగుచేసిన పాత కార్లలో నిజంగా పంపు పోయినవి చాలా తక్కువ. తీసి పక్కన పడేసిన పాత పంపుకు బ్యాటరీ తగిలిస్తే మామూలుగా తిరిగిన సందర్భాలే ఎక్కువ. అందుకే ఈ వరుసలో వెళ్లమంటున్నాను.

ముందుగా ట్యాంకు మూత తీసి లోపల నీళ్లున్నాయో లేదో చూడండి. బయటి నుంచి చూసి సరిపెట్టుకోవద్దు. పాత ప్లాస్టిక్ పసుపుబారి ఉంటుంది. లోపల పాచి పట్టిన గీత బయటికి అచ్చం నీటి మట్టంలాగే కనిపిస్తుంది. ఆ గీతను నమ్మి, ఖాళీ ట్యాంకు పెట్టుకుని గంటసేపు వైర్లు వెతికినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత బానెట్ ఎత్తి, ఒకరిని బటన్ నొక్కమని, మీరు పంపు దగ్గర చెవి పెట్టండి. శబ్దం వస్తే ఒక దారి, రాకపోతే ఇంకో దారి. ఈ రెండు పనులూ చేయకుండా స్పానర్ పట్టుకోకండి.

శబ్దమే లేదు

ఫ్యూజు తీసి చూడండి. పాత గాజు ఫ్యూజుల్లో లోపలి తీగ బాగానే ఉన్నా రెండు చివర్ల టోపీలకు, వాటిని పట్టుకునే క్లిప్పులకు తుప్పు పడుతుంది. సన్న ఎమెరీ కాగితంతో రుద్దితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

తర్వాత మల్టీమీటర్. పంపు కనెక్టర్ ఊడదీసి కొలిస్తే 12 వోల్టులు చూపిస్తుంది, దాంతో కరెంటు బాగుందని, పంపు పోయిందని అనుకుంటారు. లోడ్ లేనప్పుడు, అంటే పంపు కరెంటు లాగనప్పుడు, తుప్పు పట్టిన జాయింటు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. కనెక్టర్ పెట్టే ఉంచి, బటన్ నొక్కి పట్టుకుని కొలవండి. 7, 8 వోల్టులకు పడిపోతే తప్పు వైరింగులోనో, స్విచ్‌లోనో, ఎర్త్‌లోనో ఉంది. పంపు ఎర్త్ టెర్మినల్‌కూ బ్యాటరీ ఎర్త్‌కూ మధ్య అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే, ఎర్త్ బోల్టు విప్పి కింద లోహం మెరిసేదాకా గీకండి.

కరెంటు పూర్తిగా అందుతున్నా తిరగకపోతే పంపు బిగుసుకుపోయినట్టు. చాలాకాలం ఎండిపోయి ఉన్న పంపుల్లో ఇది మామూలే. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి చూడండి. అయినా కదలకపోతే అప్పుడు మార్చండి.

శబ్దం ఉంది, నీళ్లు లేవు

పంపు నుంచి జెట్‌కు (అద్దం మీద నీళ్లు చిమ్మే మొనకు) వెళ్లే గొట్టాన్ని పంపు దగ్గరే ఊడదీసి బటన్ నొక్కండి. అక్కడ నీళ్లు జోరుగా వస్తే అడ్డు ముందున్నట్టు. గొట్టం రెండుగా చీలే టీ (T) జాయింటు, బానెట్ కీలు దగ్గర నలిగిన గొట్టం, జెట్ రంధ్రం, ఈ మూడే చూడాల్సినవి. ఒక్క జెట్ మాత్రమే రాకపోతే దాదాపు ఎప్పుడూ ఆ జెట్‌దే తప్పు. దాన్ని ఊడదీసి, బయటి రంధ్రం వైపు నుంచి లోపలికి నీళ్లు కొట్టండి. కారు మీద ఉండగానే సూదితో పొడిస్తే మట్టి లోపలే మిగిలిపోయి వారంలో మళ్లీ అడ్డుపడుతుంది. సున్నపు పొర కట్టి ఉంటే జెట్‌ను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి.

పంపు దగ్గరే నీళ్లు బలహీనంగా వస్తే, పంపులోకి నీళ్లు వచ్చే దారిలో ఉండే జాలీ చూడండి. పాచి, సబ్బు జిగురు కలిసి దాన్ని మైనంలా మూసేస్తాయి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు పోసే అలవాటుంటే మానేయండి, నురగతో పాటు ఆ జిగురు కూడా దాని నుంచే వస్తుంది. ఇంజిన్ కూలెంట్ పోస్తే అద్దం మీద జిడ్డు పొర పడుతుంది, ఎదురుగా లైట్లు వస్తే ఏమీ కనిపించదు. అలాంటి ప్రమాదం తెచ్చుకోవద్దు.

ట్యాంకు నిండుగా ఉంటే పనిచేస్తుంది, కొన్నాళ్లకు మానేస్తుంది

నాతో రెండు పంపులు అనవసరంగా కొనిపించిన తప్పు ఇదే. ఇది ఎలా మోసం చేస్తుందో కాస్త ఓపికగా చదవండి.

ఇప్పటి కార్లలో పంపు ట్యాంకు అడుగునే రబ్బరు గ్రామెట్‌లో (రంధ్రానికి బిగించే రబ్బరు రింగులో) దిగి ఉంటుంది కాబట్టి నీళ్లు వాటంతటవే పంపులోకి వస్తాయి. పాత స్పోర్ట్స్ కార్లు చాలావాటిలో పంపు ట్యాంకు కంటే పైన, బల్క్‌హెడ్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) మీద బిగించి ఉంటుంది. ట్యాంకు మూతలోంచి ఒక గొట్టం అడుగుదాకా దిగుతుంది, దాని చివర జాలీ, తరచుగా నీళ్లను ఒకే వైపు పోనిచ్చే చిన్న నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటాయి. అంటే పంపు నీళ్లను పైకి పీల్చుకోవాలి. పీల్చే వైపు వెంట్రుకంత చీలిక ఉన్నా నీళ్లకు బదులు గాలి వస్తుంది.

తోసే వైపు గొట్టం చీలితే నీళ్లు కారతాయి, తడి కనిపిస్తుంది, పట్టుకోవచ్చు. పీల్చే వైపు చీలితే బయట ఒక్క చుక్క కూడా కనిపించదు. ఆ చీలిక ట్యాంకు లోపల, మూత అడుగున ఉన్న మొనకు గొట్టం ఎక్కించిన చోట ఉంటే ఇక దొరకడం కష్టం. ట్యాంకు మెడదాకా నింపినప్పుడు ఆ జాయింటు నీళ్లలో మునిగి ఉంటుంది. చీలికలోంచి పోయేది కూడా నీళ్లే కాబట్టి అంతా బాగా పనిచేస్తుంది. నాలుగైదుసార్లు వాడాక మట్టం రెండు వేళ్లు దిగి జాయింటు గాలికి తేలుతుంది, జెట్‌లు ఉమ్ముతూ ఆగిపోతాయి.

నేను పంపు మార్చాను. మార్చినప్పుడు ట్యాంకు నింపాను కదా, బాగా పనిచేసింది. పది రోజుల తర్వాత మళ్లీ అదే కథ. కొత్త పంపే నాసిరకం అనుకుని ఇంకొకటి పెట్టాను, మళ్లీ ట్యాంకు నింపాను. మూడోసారి మాత్రం పంపు శబ్దం మీద ధ్యాస పెట్టాను. నీళ్లు లాగే పంపు బరువుగా మూలుగుతుంది, గాలి లాగే పంపు గొంతు సన్నబడి ఈల వేసినట్టు పైకి పోతుంది. ఆ తేడా వినపడితే పంపును వదిలేసి గొట్టం వైపు వెళ్లండి.

పరీక్ష సులువు. పంపుకు నీళ్లు వచ్చే గొట్టం తీసేసి, ఒక కొత్త గొట్టం ముక్క పెట్టి, దాని చివరను సీసాలోని నీళ్లలో ముంచండి. జెట్‌లు జోరుగా కొడితే పంపు నిర్దోషి. ఇక చీలిక ఎక్కడుందో చూడటానికి మూతతో సహా గొట్టాన్ని బయటికి తీసి మొత్తం బకెట్ నీళ్లలో ముంచండి. పంపు వైపు చివర నుంచి పెద్ద సిరంజితో గాలి తోయండి. నోటితో ఊదకండి, వాషర్ ద్రవంలో మిథనాల్ ఉండొచ్చు, అది విషం. అడుగున వాల్వ్ ఉంటే గాలి తోసినప్పుడు అదే మూసుకుంటుంది. లేకపోతే వేలితో మూయండి. నాకు ఆ రోజు మూత మొన పక్కనుంచి ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. గొట్టం చివర గోధుమ రంగుకు మారి గోరు దిగనంత గట్టిపడింది, మొన మీద అంచునా నిలువునా చీలి ఉంది. వేళ్లతో నొక్కితేనే చీలిక నోరు తెరుచుకుంటోంది.

గొట్టం పొడవు ఉంటే గట్టిపడిన ఒక సెంటీమీటరు కోసేసి మళ్లీ ఎక్కించొచ్చు. కానీ ఒక చోట గట్టిపడిందంటే మిగతాది కూడా అదే వయసుది, మొత్తం మార్చడమే మేలు. కొలత చూసుకోండి. పాత బ్రిటిష్ కార్ల మొనలు అంగుళాల లెక్కలో ఉంటాయి, 3/16 అంగుళం అంటే 4.76 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల గొట్టం దాని మీద హాయిగా ఎక్కుతుంది. హాయిగా ఎక్కిందంటేనే వదులుగా ఉందని అర్థం, గాలికి ఆ సందు చాలు. 4 మిల్లీమీటర్ల గొట్టం చివరను వేడినీళ్లలో అర నిమిషం ముంచి బలంగా తోయండి. అడుగు చివరను ఏటవాలుగా కోయండి, లేకపోతే ట్యాంకు అడుక్కి అతుక్కుని పీల్చడం ఆగిపోతుంది. సిలికాన్ పేస్ట్ మాత్రం పూయకండి, దాని తునకలు ఊడి జెట్‌లలో ఇరుక్కుంటాయి.

నొక్కిన నాలుగైదు సెకన్లకు గానీ నీళ్లు రావు

నాన్ రిటర్న్ వాల్వ్ పట్టడం లేదు, గొట్టంలోని నీళ్లు వెనక్కి జారిపోతున్నాయి. కొత్తది పెట్టండి, బాణం గుర్తు జెట్‌ల వైపు ఉండాలి. బండి వేగంగా వెళ్తున్నప్పుడు నొక్కకుండానే జెట్‌ల నుంచి నీళ్లు కారినా చాలాసార్లు ఈ వాల్వే కారణం.

చేత్తో నొక్కే పంపున్న పాత కార్లలో లోపలి రబ్బరు గట్టిపడుతుంది, రిపేర్ కిట్ చాలు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాగా స్పేర్ టైరు గాలితో నడిచేదైతే ముందు ఆ టైరులో గాలి చూడండి. ట్యాంకు పగలడం, పంపు లోపలి చక్రం విరగడం అరుదు, కళ్లకు కనిపిస్తే తప్ప వాటి కోసం వెతకొద్దు.

మెరుగుపరచాలంటే

పీల్చే గొట్టం గొడవే వద్దనుకుంటే అడుగున పంపు దిగే ట్యాంకు పెట్టుకోవడం మంచి మార్పు. పాత ట్యాంకు మందంగా, అడుగు చదునుగా ఉంటే దానికే రంధ్రం చేసి గ్రామెట్ బిగించొచ్చు. ఎండకు పెళుసైన ట్యాంకుకు డ్రిల్ పెట్టకండి, పగులుతుంది. ఈ పంపులకు ప్లస్, మైనస్ ముఖ్యం. తారుమారైనా తిరుగుతాయి, కానీ జోరు ఉండదు. ఎంజీబీ లాంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు 1967 దాకా పాజిటివ్ ఎర్త్‌తో, అంటే బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపి, వచ్చాయి. అలాంటి కారులో వైరు రంగు చూసి కలిపేయకుండా మీటర్‌తో చూసి కలపండి. పాత స్విచ్ కాంటాక్టుల మీద భారం పడకుండా, పంపు కరెంటును తానే మోసే ఒక రిలే వేయండి.

విసనకర్రలా చల్లే జెట్‌లు అద్దాన్ని బాగా తడుపుతాయి, కానీ వాటికి ఎక్కువ నీళ్లు కావాలి. పాత పంపు మీద పెడితే బానెట్ అంచు మీదే రాలిపోతాయి. ముందు పంపు, తర్వాతే జెట్‌లు. బండి ఆగి ఉన్నప్పుడు నీళ్లు వైపర్ తిరిగే చోటులో సగానికి కాస్త పైన పడేలా తిప్పండి, వేగంలో గాలి వాటిని కిందికి వంచుతుంది. అన్నీ బిగించాక ట్యాంకులో నాలుగో వంతు నీళ్లు మాత్రమే పోసి పరీక్షించండి. నింపడం ఆ తర్వాత.