దున్నని చేలో సున్నం ఎలా వెయ్యాలి, ఎంత వెయ్యాలి

దున్నే పొలం అయితే పెద్ద ఆలోచన అక్కర్లేదు, సున్నం చల్లి కలియదున్నితే మట్టిలో కలిసిపోతుంది. నో-టిల్‌లో, అంటే దున్నకుండానే విత్తే పద్ధతిలో, అలా కాదు, పైన చల్లింది చాలాకాలం పైనే ఉంటుంది. సున్నపురాయి పొడి నీళ్లలో కరిగేది చాలా తక్కువ, తను తాకిన మట్టిలోనే ఆమ్లాన్ని విరుస్తుంది, కిందికి దిగడం మాత్రం వానపాముల బొరియలు, పాత వేళ్ల దారులు, వాన నీళ్లు వీటి దయ. అందుకే లెక్కంతా పొరల వారీగా చూడాలి.

ముందు మట్టి శాంపిల్. అలవాటుగా 15 సెం.మీ. లోతు మట్టి అంతా కలిపేసి ల్యాబ్‌కి ఇస్తే మోసపోతాం. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ లాంటివి ఏళ్ల తరబడి పైనే పడతాయి కదా, అందులోని అమ్మోనియం నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దుక్కి లేదు కాబట్టి అది పై 5 సెం.మీ.లోనే పేరుకుంటుంది. పైన పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, 7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు) 5, కింద 6.2 ఉందనుకోండి, కలిపిన శాంపిల్‌లో రెండిటికీ మధ్యలో ఏదో అంకె వచ్చి అంతా బానే ఉందనిపిస్తుంది, మొలక వేళ్లు మాత్రం ఆ పుల్లటి పొరలోనే అవస్థ పడుతుంటాయి. కాబట్టి 0-5 సెం.మీ. ఒక కవర్, 5-15 ఇంకో కవర్, వీలైతే 15-30 కూడా. బఫర్ పీహెచ్ (ఎంత సున్నం పడుతుందో తేల్చే పరీక్ష) కూడా అడగండి, ఎందుకంటే మామూలు పీహెచ్ ఆమ్లం ఉందని చెబుతుంది గానీ ఎంత సున్నం పడుతుందో చెప్పదు, బంకమట్టి, సేంద్రియ పదార్థం ఎక్కువున్న నేలకి ఇసుక నేల కన్నా బాగా ఎక్కువ కావాలి.

ఇక మోతాదు. ల్యాబ్ ఇచ్చే సిఫార్సు ఎంత లోతు మట్టికి అన్నది తప్పకుండా అడగాలి. 15 సెం.మీ.కి హెక్టారుకి 3 టన్నులు అంటే పై 5 సెం.మీ. సరిచేయడానికి ఒక టన్ను చాలు. మొత్తం ఒకేసారి పైన పోస్తే ఆ పలచటి పొరలో పీహెచ్ 7 దాటిపోయి జింకు, మాంగనీసు, ఇనుము మొక్కకి అందవు, అట్రాజిన్ లాంటి కలుపు మందులు కూడా నేలలో ఎక్కువకాలం ఉండిపోయి తర్వాతి పంటని దెబ్బతీయొచ్చు. నా లెక్కలో తక్కువ తక్కువగా, రెండు మూడేళ్లకోసారి టెస్ట్ చేసి వేసుకోవడమే మేలు. పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే చాలా పంటలకి సరిపోతుంది.

పొడి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పనిచేస్తుంది, 60 మెష్ (అంగుళానికి 60 కన్నాలున్న) జల్లెడ దిగేది చూసుకోండి, గరుకు పలుకులు ఏళ్లకేళ్లు అలాగే పడుంటాయి. నేలలో మెగ్నీషియం తక్కువుంటే డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి), లేకపోతే మామూలు సున్నపురాయి పొడి. జిప్సం సున్నం కాదు, అది పీహెచ్ పెంచదు, కానీ కింది పొరల్లో అల్యూమినియం బాధ ఉంటే అక్కడికి కాల్షియం, సల్ఫేట్ దింపేది అదే.

అసలు అల్యూమినియం గొడవే పెద్దది. పీహెచ్ 5.5 కిందికి పోతే అది మట్టి నీళ్లలోకి కరిగి వేరు కొసల్ని మొద్దుబారుస్తుంది, వేరు లోతుకి పోదు, నాలుగు రోజులు వాన లేకపోతే చేను వాడిపోతుంది. సున్నం పడితే ఆ అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి గడ్డకడుతుంది, దాని దగ్గర చిక్కుకున్న ఫాస్ఫరస్ కూడా కొంత అందుతుంది. ఇంకా నో-టిల్ మొదలుపెట్టని వాళ్లయితే ఆఖరి దుక్కిలోనే లోతుగా సున్నం కలిపేయడం తెలివైన పని, తర్వాత ఆ ఛాన్స్ రాదు, పైనుంచి 10 సెం.మీ. దాటడానికే ఏళ్లు పట్టొచ్చు.

విత్తడానికి కొన్ని నెలల ముందే చల్లండి. అప్పుడే సున్నం పడిన నేల మీద యూరియా మాత్రం చల్లొద్దు, అమ్మోనియాగా గాల్లోకి పోతుంది, ఎరువు డబ్బులు వృథా, వెయ్యాల్సి వస్తే మట్టిలోపలికి పడేలా వెయ్యండి. అన్నట్టు అమ్మోనియం సల్ఫేట్‌తో ఇచ్చే ప్రతి కిలో నత్రజనికీ సుమారు 5 కిలోల సున్నం ఖర్చవుతుంది, యూరియాతో అయితే 2 కిలోల లోపే, కాబట్టి ఎరువు మార్చినా సున్నం ఖర్చు తగ్గుతుంది.

పనిచేసిందో లేదో తెలియాలంటే ఒక పట్టీ సున్నం వేయకుండా వదిలి, సోయా లాంటి పప్పుజాతి పంట పూతకొచ్చాక రెండు వైపులా మొక్కలు తవ్వి వేరు బుడిపెలు కోసి చూడండి. సున్నం పడ్డ వైపు బుడిపెలు ఎక్కువుండి లోపల గులాబీ రంగు కనిపిస్తే గాల్లోని నత్రజని పట్టుకుంటున్నట్టే, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే మళ్లీ పై 5 సెం.మీ. శాంపిల్ తీయాల్సిందే.