పోతపని నేర్చుకుందాం – 4: తిరిగే అచ్చులో బుష్ పోయడం

పోయిన పాఠంలో ఇసుక అచ్చులో కోర్ (లోపలి బోలును నిలిపే దిమ్మ) పెట్టి బోలు ముక్క పోయడం చూశాం. ఈసారి కోర్ అక్కర్లేదు. ఇనుప అచ్చు గిరగిరా తిరుగుతుండగా లోహం పోస్తాం. అది గోడకు అదుముకుని గడ్డకడుతుంది, నడుమ బెజ్జం దానంతటదే మిగులుతుంది. మంచినీళ్ల పథకాలకు వేసే డక్టైల్ ఐరన్ పైపులూ ఇలా పోసినవే.

కాకినాడ వేట బోటు షాఫ్టుకు వేసే గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన కంచు రకం) బుష్, అంటే షాఫ్టు తిరిగే గొట్టం లాంటి తొడుగు, తీసుకుందాం. బోటు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటేటప్పుడు ఇసుక నీళ్లు బుష్‌లోకి చొరబడతాయి. లోహంలో గాలి తొర్రలుంటే అరుగుదల అక్కడే మొదలవుతుంది. తిరిగే అచ్చులో బరువైన లోహం బయటికి నెట్టుకుపోతుంది, తేలికైన మడ్డీ గాలీ బెజ్జం వైపు చేరతాయి. లేత్ మీద ఆ పొర తీసేస్తే దిట్టమైన లోహం తేలుతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

పొడవాటి ముక్కలకు అచ్చును అడ్డంగా తిప్పాలి. నిలువుగా తిప్పితే కింద గోడ మందమవుతుంది, అది పొట్టి రింగులకే పనికొస్తుంది. అడ్డం అచ్చులో గోడ దగ్గర బలం గురుత్వాకర్షణకు 60 నుంచి 75 రెట్లు ఉండాలి. 60ని అచ్చు లోపలి వ్యాసంతో (మీటర్లలో) భాగించి, వర్గమూలం తీసి, 42.3తో గుణించండి. 100 మి.మీ. అచ్చుకు నిమిషానికి దాదాపు 1,040 చుట్లు వస్తాయి. వేగం చాలకపోతే లోహం పైకెక్కినట్టే ఎక్కి కిందికి రాలిపోతుంది. మరీ ఎక్కువైతే ముక్క పగులుతుంది.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. మన డెల్టాలో వానాకాలం రాత్రికి రాత్రే అచ్చుకు చెమ్మ పడుతుంది. చెమ్మ మీద కరిగిన లోహం పడితే ఆవిరి పేలి మొహం మీదికి చిమ్ముతుంది. అచ్చు లోపల పూత పూశాక దాన్ని 200 డిగ్రీల దాకా కాచి, మూత బిగించి, కళ్లద్దాలు, తోలు తొడుగులు వేసుకున్నాకే మూస (లోహం కరిగించే కుండ) ఎత్తండి.

ఇక తూకం. బయటి వ్యాసాన్ని అచ్చు చూసుకుంటుంది. బెజ్జం సైజు మాత్రం మీరు ఎంత లోహం పోస్తే దాన్ని బట్టే. బయట 100, పొడవు 150, బెజ్జం 60 మి.మీ. కావాలనుకోండి. లేత్ కోతకు చుట్టూ 3 మి.మీ. వదిలి బెజ్జం 54 వచ్చేలా పోయాలి. ఘనపరిమాణం సుమారు 835 ఘన సెం.మీ. గన్‌మెటల్ సాంద్రత ఘన సెం.మీ.కు 8.7 గ్రాములు అనుకుంటే 7.26 కిలోలు. మూసలో అంటుకుని మిగిలేది దీనికి అదనం.

బయట 80, పొడవు 120, లేత్ పట్టాక బెజ్జం 50 మి.మీ. ఉండే బుష్‌కు వేగమూ తూకమూ కట్టి ఉంచండి. ఆ ముక్కనే వచ్చే పాఠంలో పోద్దాం.