పిల్లలు జార్జియాలో చదువుతుంటే అక్కడి రాజకీయ వార్తలు ఎలా చదవాలి

మన కడప, అనంతపురం వైపు నుంచి ఎంబీబీఎస్‌కని జార్జియా వెళ్లిన పిల్లలు ఉన్నారు. టీవీలో అక్కడి రాజధాని తబిలిసి గొడవల వీడియో కనబడితే చాలు, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఏడు రోడ్ల దగ్గర ఎదురైన ప్రతి ఒక్కరూ "మీవాడు బాగున్నాడా" అని అడుగుతారు. ఆ తల్లిదండ్రుల కోసమే ఇది.

నెట్‌లో వెతికేటప్పుడు తబిలిసి పేరు కూడా కలిపి కొట్టండి, లేకుంటే అమెరికాలోని జార్జియా రాష్ట్రం వార్తలొస్తాయి. ఇంగ్లిష్‌లో అక్కడి వార్తలిచ్చే సివిల్ జార్జియా అనే సైట్ ఉంది.

తర్వాత మ్యాపు తీయండి. ఉత్తరాన రష్యా. జార్జియా జనాభా 40 లక్షల లోపే, అంటే మన పాత అనంతపురం జిల్లా అంత కూడా లేరు. అబ్ఖాజియా, దక్షిణ ఒసేటియా అనే రెండు ప్రాంతాలు, అంటే దేశంలో దాదాపు ఐదో వంతు నేల, జార్జియా ప్రభుత్వం చేతిలో లేదు. 2008 ఆగస్టులో జార్జియాతో యుద్ధం తర్వాత రష్యా వాటిని వేరే దేశాలుగా గుర్తించి సైన్యాన్ని పెట్టింది. ఈ సంగతి తెలియకుండా అక్కడి ఏ వార్త చదివినా తలాతోకా అర్థం కాదు.

ఇక అసలు గొడవ. 2012 నుంచి అధికారంలో ఉన్నది జార్జియన్ డ్రీమ్ పార్టీ, వెనకుండి నడిపేది కోటీశ్వరుడు బిద్జినా ఇవానిష్విలి అని అందరూ అంటారు. 2023 డిసెంబర్‌లో యూరప్ దేశాల కూటమి యూరోపియన్ యూనియన్, తనలో చేరడానికి జార్జియాకు అభ్యర్థి హోదా ఇచ్చింది, కానీ విదేశీ నిధులొచ్చే సంస్థల మీద 2024లో తెచ్చిన చట్టంతో సంబంధాలు చెడ్డాయి. ఆ నవంబర్ 28న ప్రధాని కొబాఖిద్జే చేరిక చర్చలు 2028 చివరిదాకా వద్దనడంతో జనం రోడ్డెక్కారు. రష్యాతో మళ్లీ యుద్ధం రాకుండా చూస్తున్నామని పార్టీ చెబుతుంది. 2008 చూసినవాళ్లకు ఆ భయం నిజమే, అయినా దాన్ని చూపించి ప్రశ్నించేవాళ్ల నోరు నొక్కడం నాకైతే తప్పనిపిస్తుంది. అందుకే "రష్యా వైపా, యూరప్ వైపా" అని ఒక్క ముక్కలో తేల్చే వీడియోలు నమ్మకండి.

వీడియో చూడగానే అది ఏ రోడ్డో, ఏ తేదీదో కనుక్కోండి. నిరసనలు ఎక్కువగా పార్లమెంటు ముందు, రుస్తావేలి అవెన్యూలో జరుగుతాయి. అక్కడికి హాస్టల్ ఎంత దూరమో పిల్లల్నే అడగండి. వేడుక చూడ్డానికి కూడా వెళ్లొద్దని గట్టిగా చెప్పండి, రోడ్డు అడ్డగిస్తే శిక్షలు బాగా పెంచారు, పరాయి దేశంలో కేసు పడితే చదువుకే ఎసరు. తబిలిసిలోని మన ఎంబసీ నంబర్ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. మనకు రాత్రి 11 అయితే అక్కడ తొమ్మిదిన్నరే, కాబట్టి వార్త చూసి కంగారుపడి కూర్చోకుండా అప్పుడే ఫోన్ చేయొచ్చు.